జానపద గాన బృందాలు – జీవనాధారం

హైదరాబాదు నుండి బెంగళూరుకు పోయే రహదారిలో, శంషాబాదు దాటిన తరువాత వచ్చే ముఖ్యమైన పట్టణం షాద్‌నగర్. హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూ, పారశీక భాషల్లో కవి. ఆయన కలంపేరు ‘షాద్’. ఆ పేరు మీదుగానే ఈ ఊరికి షాద్‌నగర్ అనే పేరు వచ్చిందని చెబుతారు. ‘షాద్’ అంటే ఆనందం కలవాడు అని అర్థం. ఒక కవి పేరును ధరించిన ఈ పట్టణం చుట్టూ ఉన్న పల్లెల్లో పాటనే వృత్తిగా చేసుకొని బతికిన కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అవి డప్పు, డోలు, సన్నాయి, కిన్నెర, తంబుర వంటి వాద్యాలను భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన కుటుంబాలు.

జానపద గేయాలలోని కవితాసౌందర్యాన్ని గురించి పండితులు విశేషంగా పరిశోధించారు. ఆచార్య బిరుదురాజు రామరాజు రచించిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడి, ఈ అధ్యయనానికి గట్టి పునాది వేసింది. అయితే పాట ఎంత మధురమైనదైనా పాడేవానికి ఆకలి ఉంటుంది. పాటకు ప్రతిఫలం ఎవరు ఇచ్చారు, ఏ రూపంలో ఇచ్చారు, ఇచ్చేవారు మారినప్పుడు పాడేవారి బతుకు ఏమైంది అనే ప్రశ్నలు కూడా పాటలోని రసం వలెనే పరిశీలించదగినవి. ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే కొన్ని కళారూపాలు ఎందుకు నిలిచాయో, కొన్ని ఎందుకు కనుమరుగవుతున్నాయో అర్థమవుతుంది.

ప్రాచీన సాహిత్యంలో గాన బృందాలు

వృత్తిగాయకులు తెలుగునాట నిన్న మొన్న పుట్టినవారు కారు. పదమూడవ శతాబ్ది కవి పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో ఆనాటి ప్రజలు పాడుకొనే తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు మొదలైన వాటిని పేర్కొన్నాడు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామం’లో పలనాటి వీరుల కథను వాద్య సహితంగా గానం చేసే దృశ్యం ఉన్నది. పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి తన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ఇటువంటి ఆధారాలను సమకూర్చుకొనే రచించారు. రాజాస్థానాలలో కవులకు అగ్రహారాలు, కనకాభిషేకాలు లభించినట్లు గ్రంథాలు చెబుతున్నాయి. వీధిలో పాడినవారికి ఏమి లభించిందో అంతగా చెప్పలేదు. వారి ఆదాయ వివరాలను గ్రామవ్యవస్థలో వెదకవలసి ఉంటుంది.

మిరాశి – త్యాగం

తెలంగాణ పల్లెల్లో ఒక్కొక్క కులానికి దానిని ఆశ్రయించి బతికే కళాకారుల కులం ఒకటి ఉండేది. గొల్ల కురుమలకు ఒగ్గు కథకులు, గొల్లలకు మందహెచ్చుల వారు, పద్మశాలీలకు కూనపులి వారు, విశ్వకర్మలకు రుంజ వారు, మాదిగలకు చిందు వారు, డక్కలి వారు ఆశ్రితులు. వీరు తమ పోషక కులం పుట్టుపూర్వోత్తరాలను, ఆ కులదైవం మహిమను, ఆ వంశంలోని వీరుల కథలను గానం చేసేవారు. కులపురాణాన్ని కాపాడే గ్రంథాలయం వంటివారు ఈ కళాకారులు. కథ చెప్పించుకోవడం పోషక కులానికి గౌరవం, కథ చెప్పడం ఆశ్రిత కులానికి హక్కు. ఈ హక్కునే ‘మిరాశి’ అన్నారు. దానికి ప్రతిఫలంగా ఇచ్చేదానిని ‘త్యాగం’ అన్నారు.

మిరాశి వ్యవస్థలో చక్కని ఆర్థిక నియమం ఒకటి కనిపిస్తుంది. గ్రామాలను కళాకారుల కుటుంబాలు తమలో తాము పంచుకొనేవి. ఒక కుటుంబం వంతుకు వచ్చిన ఊరిలో మరొక కుటుంబం కథ చెప్పి త్యాగం స్వీకరించరాదు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఇల్లు, పశువుల వలెనే ఊళ్లు కూడా వాటాలుగా పంచబడేవి. ఆడపిల్ల పెండ్లికి కొన్ని ఊళ్ల హక్కును అల్లునికి ఇవ్వడం కూడా ఉండేది. నేటి వ్యాపార పరిభాషలో చెప్పాలంటే ప్రతి బృందానికీ పోటీ లేని విపణి ఒకటి ఉండేదన్నమాట.

కోతలు పూర్తయి ధాన్యం కల్లానికి చేరిన కాలంలో బృందాలు ఊళ్లకు కదిలేవి. త్యాగం ఎక్కువగా ధాన్యరూపంలో ఉండేది. మేక, గొర్రె, పాత బట్టలు, కొంత నగదు కూడా లభించేవి. ఒక ఊరిలో మూడు నాలుగు రోజులు బస చేసి కథ చెప్పి, తమ పాలు తీసుకొని వేరొక ఊరికి వెళ్లేవారు. వానకాలంలో కథలకు విరామం. ఆ కాలంలో పిల్లలకు కథలు, వాద్యాలు నేర్పేవారు.

ఈ వ్యవస్థ కళాకారులకు భద్రతను ఇచ్చిందే గాని సమానతను ఇవ్వలేదు. త్యాగం ఎంతో నిర్ణయించేది ఇచ్చేవాడే. కరువు వచ్చినప్పుడు మొదట కోతపడేది పాటగాని పాలికే. అంటరానితనం వలన చాలామంది కళాకారులు ఊరి వెలుపలనే బస చేయవలసి వచ్చేది. వేదికపై రాజుగానో దేవతగానో కనిపించి నమస్కారాలు అందుకొన్న వ్యక్తి, వేషం తీసిన మరుక్షణం వాకిలి బయట నిలబడి అన్నం అడగవలసి వచ్చేది. చిందు యక్షగానానికి జీవితాన్ని ధారపోసిన చిందు ఎల్లమ్మ ఇటువంటి జీవితం నుండే ఎదిగి గొప్ప నటీమణిగా కీర్తి గడించారు. ఆమె 2005లో కన్నుమూశారు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించడం ఆ కళకు చాలా ఆలస్యంగా దక్కిన గుర్తింపు.

బృందం పరిమాణం – ఆదాయం

కళారూపం మనుగడను నిర్ణయించే అంశాలలో బృందంలోని సభ్యుల సంఖ్య ముఖ్యమైనది. చిందు యక్షగానానికి వేషధారులు, వాద్యకారులు, వంతపాటగాళ్లు అందరూ కలిసి పెద్ద బృందం కావాలి. ఒగ్గు కథకు ప్రధాన కథకుడు, సహాయకుడు, డోలు వాయించేవారు, తాళం వేసేవారు ఉంటే సరిపోతుంది. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి కథకులు ఒగ్గు కథను కులపురాణ పరిధి నుండి వేదికల మీదికి తెచ్చి అందరికీ పరిచయం చేశారు. బుర్రకథకు ముగ్గురే చాలు. నడుమ కథకుడు, ఒక ప్రక్క హాస్యపు వంత, మరొక ప్రక్క రాజకీయపు వంత ఉంటారు. కిన్నెర వాయించే గాయకునికి తన గొంతు, తన వాద్యం తప్ప మరేమీ అవసరం లేదు.

సభ్యులు పెరిగితే ప్రదర్శన శోభ పెరుగుతుంది, తలసరి వాటా తగ్గుతుంది. సభ్యులు తగ్గితే వాటా పెరుగుతుంది, కాని ఒక్క మనిషి మంచాన పడితే ఆదాయం పూర్తిగా ఆగిపోతుంది. ఈ సూత్రం ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా గాన బృందాలన్నింటికీ వర్తిస్తుంది.

పాలమూరు పాట

షాద్‌నగర్ పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో రంగారెడ్డి జిల్లాలో చేరింది. పాలమూరుగా పిలిచే ఈ ప్రాంతం వర్షాధారమైనది, కరువులకు, వలసలకు పేరుపడినది. ఇక్కడి గాయకులు పండుగ సాయన్న వంటి స్థానిక వీరుల గాథలను తరతరాలుగా గానం చేశారు. ఉన్నవారిని ఎదిరించి లేనివారికి పెట్టిన వీరునిగా సాయన్న ప్రజల మనసుల్లో నిలిచాడు. అటువంటి గాథలకు ఆలంబనగా నిలిచిన వాద్యం పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు, సొరకాయ బుర్రలు, తీగలు మొదలైన స్థానిక వస్తువులతోనే కళాకారుడు దానిని స్వయంగా తయారు చేసుకొంటాడు. నారాయణపేట జిల్లాకు చెందిన దాసరి కొండప్ప వాయించే బుర్రవీణ కూడా అటువంటిదే. ఆయనకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు.

పాలమూరు నుండి కూలీలు దేశమంతటా ప్రాజెక్టులు కట్టడానికి వలస వెళ్లారు. ఊరు ఖాళీ అయినప్పుడు త్యాగం ఇచ్చేవారు లేక పాటగాడు కూడా వలస కూలీ అయినాడు. ఆ తరువాత భూముల పరిస్థితి మారింది. 2008 మార్చిలో శంషాబాదు వద్ద అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. రహదారి వెంట పరిశ్రమలు, గిడ్డంగులు, ఇండ్ల స్థలాల వెంచర్లు విస్తరించాయి. పొలం ప్లాటుగా మారినప్పుడు కల్లం పోయింది. కల్లం పోయినప్పుడు కల్లంలో కొలిచే ధాన్యమూ పోయింది. భూమి అమ్మినవానికి ధర లభించింది, కొన్నవానికి లాభం లభించింది. ఆ భూమిపై పండిన పంటలో తరతరాలుగా ఒక పాలు పొందిన పాటగానికి మాత్రం ఏ దస్తావేజులోనూ పేరు లేదు. మిరాశి ఆచారంలో ఉన్న హక్కే తప్ప పత్రంలో ఉన్న హక్కు కాకపోవడమే ఇందుకు కారణం.

రికార్డులు, రేడియో

పాటను వస్తువుగా మార్చి అమ్మవచ్చునని మొదట నిరూపించినది గ్రామఫోను. భారతదేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలతో వాణిజ్య ధ్వనిముద్రణ ఆరంభమైంది. తెలుగునాట నాటక పద్యాలు, హరికథలు, భక్తిగీతాలు రికార్డులుగా వెలువడ్డాయి. రికార్డు కొనగలిగినవారు పట్టణవాసులు, సంపన్నులు కావడం వలన పల్లెపాటకు ఆ వ్యాపారంలో చోటు తక్కువగా ఉండేది.

ఇదే సందర్భంలో అమెరికాలో జరిగిన ఒక సంఘటన పోల్చి చూడదగినది. అక్కడి కొండప్రాంతాల పల్లెపాటలను ‘కంట్రీ మ్యూజిక్’ అంటారు. ఫిడేలు, బాంజో, గిటారులతో ఇంటిల్లిపాదీ కలిసి పాడుకొనే బృందాలు అక్కడ ఉండేవి. 1927లో రాల్ఫ్ పీర్ అనే వ్యాపారి విక్టర్ కంపెనీ పక్షాన బ్రిస్టల్ అనే పట్టణానికి ధ్వనిముద్రణ యంత్రాలను తీసుకొని వెళ్లి, పల్లె గాయకులను పిలిపించి పాడించాడు. రికార్డు చేసిన ఒక్కొక్క పాటకు 50 డాలర్లు చెల్లించాడు. అమ్మిన రికార్డులపై కొంత రాయల్టీ కూడా ఇచ్చాడు. కార్టర్ కుటుంబం అనే ముగ్గురు సభ్యుల బృందం అక్కడే వెలుగులోకి వచ్చింది. ఆ కుటుంబ పెద్ద ఏ.పీ. కార్టర్ తరువాతి కాలంలో కొండప్రాంతాలన్నీ తిరిగి ప్రజలు పాడుకొనే పాటలను సేకరించి, వాటిని తన పేరుతో నమోదు చేయించాడు. ఆ పాటల వలన వచ్చిన ఆదాయం నమోదు చేసినవారికి చేరింది. పాటను తరతరాలుగా కాపాడిన పల్లెవాసులకు చేరలేదు. నాష్‌విల్ నగరంలోని రేడియో కేంద్రం 1925లో ప్రారంభించిన వారాంతపు పల్లెపాటల కార్యక్రమం, బృందాలకు దేశవ్యాప్తమైన ప్రచారాన్ని కల్పించింది. రేడియోలో వినిపించిన బృందానికి ఊళ్లలో ప్రదర్శనలకు టికెట్లు అమ్ముడుపోయేవి. ఈ విధంగా అక్కడి పల్లెపాట ఒక పరిశ్రమగా ఎదిగింది.

హైదరాబాదు సంస్థానంలో 1930లలోనే దక్కన్ రేడియో ఉండేది. 1950 ఏప్రిల్‌లో అది ఆకాశవాణిలో విలీనమైంది. అంతకు ముందే, 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. ఆకాశవాణి గ్రామీణ కార్యక్రమాలు జానపద కళాకారులకు తొలిసారిగా నిర్ణీతమైన పారితోషికాన్ని, లిఖితపూర్వకమైన ఒప్పందాన్ని అందించాయి. స్వరపరీక్షలో ఉత్తీర్ణుడైన కళాకారునికి శ్రేణి లభించేది. ఆదాయం పెద్దది కాదు. అయినా దయగా ఇచ్చే త్యాగానికి, హక్కుగా ఇచ్చే పారితోషికానికి ఉన్న తేడా చాలా పెద్దది. అయితే రేడియో పారితోషికం మాత్రమే ఆధారంగా బృందం బతకడం సాధ్యం కాలేదు. ఏడాదిలో అవకాశాలు కొద్దిగా మాత్రమే వచ్చేవి.

ఉద్యమాలు, ప్రభుత్వం

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథకు కొత్త ఊపిరి పోసింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ బుర్రకథను ప్రజాచైతన్య సాధనంగా మలిచి, బుర్రకథ పితామహుడని పేరుపొందారు. ‘పుట్టిల్లు’, ‘అగ్గిరాముడు’ చలనచిత్రాల ద్వారా ఆయన గానం మరింత మందికి చేరింది. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ముగ్గురు సభ్యుల చిన్న బృందం కావడం వలన బుర్రకథ దళాలు తక్కువ ఖర్చుతో ఎంత దూరమైనా వెళ్లగలిగాయి. ఈ సౌలభ్యాన్ని గుర్తించిన ప్రభుత్వాలు కూడా తమ పథకాల ప్రచారానికి బుర్రకథనే ఆశ్రయించాయి. కేంద్రప్రభుత్వం 1954లో నెలకొల్పిన గీత నాటక విభాగం బృందాలను నమోదు చేసుకొని, కుటుంబ నియంత్రణ, ఆరోగ్యం, అక్షరాస్యత వంటి అంశాలపై ప్రదర్శనలు ఇప్పించింది. ఆ విభాగం 2017లో మరొక ప్రచార సంస్థలో విలీనమైంది.

ప్రభుత్వ ఆదరణ వలన బృందాలకు పని దొరికింది. అయితే కథ మారింది. కాటమరాజు కథ చెప్పే గొంతు చిన్నమొత్తాల పొదుపు గురించి చెప్పవలసి వచ్చింది. కడుపు నిండడానికి ఇది ఉపకరించిందని కొందరు, కథాసంపద మరుగున పడడానికి కారణమైందని మరికొందరు భావిస్తారు. ఈ రెండు వాదాలలోనూ సత్యం ఉన్నది.

క్యాసెట్టు – తెలంగాణ పాట

1980లలో వచ్చిన క్యాసెట్టు పల్లెపాట వ్యాపారాన్ని తలక్రిందులు చేసింది. గ్రామఫోను రికార్డుకు పెద్ద కర్మాగారం కావాలి. క్యాసెట్టుకు చిన్న గది, నకలు తీసే యంత్రం ఉంటే చాలు. బస్టాండ్ల వద్ద, జాతరలలో, సంతలలో కథల క్యాసెట్లు అమ్ముడుపోయాయి. రాత్రంతా సాగే ఒగ్గు కథ కొన్ని క్యాసెట్లలోకి ఇమిడింది. కళాకారునికి సాధారణంగా ఒక్కసారి మాత్రమే సొమ్ము ముట్టేది. తరువాత ఎన్ని ప్రతులు అమ్ముడుపోయినా, ఎన్ని దొంగ ప్రతులు తయారైనా అతనికి లెక్క తెలిసేది కాదు. అయినా క్యాసెట్టు అతని పేరును ఇంటింటికీ చేర్చింది. పేరు విన్నవారు తమ ఊరి జాతరకు అతనినే పిలిపించేవారు. అదే సమయంలో, క్యాసెట్టు ఇంట్లో ఉండగా బృందాన్ని పిలిపించడం ఎందుకనే ఆలోచన కూడా బయలుదేరింది.

సామాజిక ఉద్యమాలు పల్లె బాణీలను విస్తారంగా స్వీకరించాయి. 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రంలో బండి యాదగిరి రచించిన పాటను గద్దర్ గానం చేశారు. పాటను తెరపై విన్న లక్షలాది మందికి గాయకుని పేరు తెలిసినంతగా, పోరాట కాలంలో దానిని కట్టిన కవి పేరు తెలియలేదు. పల్లెపాట ఎదుర్కొనే చిక్కు ఇక్కడ స్పష్టమవుతుంది. పాట ప్రజల సొత్తుగా మారిన కొద్దీ రచయిత మరుగున పడతాడు. పాలమూరు బిడ్డ గోరటి వెంకన్న ‘కుబుసం’ చిత్రానికి రాసిన పాట ప్రపంచీకరణలో పల్లెవృత్తులు కూలిన తీరును కన్నీటితో చిత్రించింది. ఆయన ‘వల్లంకి తాళం’ కావ్యానికి 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

తెలంగాణ రాష్ట్ర ఉద్యమంలో ధూంధాం వేదికలు వందలాది గాయకులకు చోటు కల్పించాయి. రాష్ట్రం ఏర్పడిన తరువాత 2014లో తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడి, 550 మంది కళాకారులకు జీతం గల ఉద్యోగం ఇచ్చింది. పాటగానికి నెలజీతం రావడం తెలుగునాట అరుదైన సంఘటన. అయితే ఆ సంఖ్యకు వెలుపల ఉండిపోయిన కళాకారులు అనేకులు. ముఖ్యంగా వృద్ధులైన సంప్రదాయ కథకులకు, ఉద్యమ వేదికల పరిచయం లేనివారికి ఆ మార్గం తెరుచుకోలేదు.

పెండ్లి మేళం లెక్క

కథాగానం తగ్గినా వాద్యబృందాలకు పెండ్లిళ్లు, జాతరలు ఆధారంగా నిలిచాయి. సైనిక బ్యాండుల నుండి వచ్చిన క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ములతో చిన్న పట్టణాలలో బ్యాండు మేళాలు వెలిశాయి. పెండ్లివారు బయానా ఇచ్చి తేదీని ఖాయం చేసుకొంటారు. మూఢం, శూన్యమాసం వచ్చాయంటే పెండ్లిళ్లు ఉండవు, పని ఉండదు. ఆషాఢంలో పెండ్లి మేళం మూగబోయినా, అదే మాసంలో వచ్చే బోనాల పండుగ డప్పు కళాకారులకు పని కల్పిస్తుంది. ఈ విధంగా పంచాంగమే వారి ఆదాయపు లెక్కల పుస్తకం.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఇందులోని అంకెలు వివరణ కొరకు ఊహించినవి మాత్రమే. పన్నెండు మంది గల బ్యాండు మేళం ఒక బరాత్‌కు 24,000 రూపాయలకు ఒప్పందం చేసుకొన్నదని అనుకొంటే, వాహనానికి 4,000, వాద్యాల మరమ్మతుకు, దుస్తులకు 2,000 పోగా 18,000 మిగులుతుంది. బ్యాండు మాస్టరుకు మూడు వాటాలు, క్లారినెట్ వాయించేవానికి రెండు వాటాలు, తక్కిన పదిమందికి ఒక్కొక్క వాటా చొప్పున మొత్తం పదిహేను వాటాలు. ఒక్కొక్క వాటా 1,200 రూపాయలు. ఏడాదిలో నలభై రోజులు పని దొరికితే సామాన్య సభ్యునికి వచ్చేది 48,000 రూపాయలు, అంటే నెలకు నాలుగు వేలు. కనుక అతడు తక్కిన రోజులలో కూలికి పోక తప్పదు.

ఇటువంటి స్థితిలో డి.జె. సౌండు వచ్చింది. ఒక వాహనం, పెద్ద స్పీకర్లు, వాటిని నడిపే ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే బరాత్ సాగిపోతుంది. అదే 24,000 రూపాయలు పన్నెండు మందికి బదులు ముగ్గురి మధ్య పంచుకోవచ్చు. ఇచ్చేవాని ఖర్చు తగ్గకపోయినా శబ్దం పెరిగింది, కొత్త సినిమా పాట క్షణంలో దొరికింది. పోటీలో ఓడినది సంగీతం కాదు, మనుషుల సంఖ్య. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. డి.జె. పెట్టెలో మోగే పాటలు పెక్కు పల్లె బాణీలే. వాటి వెనుక మోగే దరువు డప్పు దరువే. వాయించిన మనిషి మాత్రం ఊరేగింపులో లేడు.

చలనచిత్రం, యూట్యూబు

ఇటీవలి కాలంలో చలనచిత్రాలు మళ్లీ పల్లె గొంతులను వెదుక్కొంటున్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించే అరుదైన కళాకారుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటలో ఆయన గొంతు వినిపించడంతో తెలుగువారందరికీ పరిచితులైనారు. 2022లో పద్మశ్రీ లభించింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం ఆయనకు కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అయినా 2024 మే నెలలో ఆయన భవన నిర్మాణపు పనిలో దినకూలీగా ఉన్నారన్న వార్త పత్రికలలో వెలువడి పాఠకులను కలచివేసింది. 2023లో వచ్చిన ‘బలగం’ చిత్రంలో చివరి పాటను వరంగల్ ప్రాంతానికి చెందిన బుడగ జంగం దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడారు. చావు ఇంట పాడే ఆ సంప్రదాయ గానం విడిపోయిన అన్నదమ్ములను కలుపుతున్నదని ఊళ్లు చెప్పుకొన్నాయి. మొగిలయ్య మూత్రపిండాల వ్యాధితో బాధపడి 2024 డిసెంబరులో మరణించారు.

కీర్తి వేరు, జీవనాధారం వేరు అని ఈ రెండు జీవితాలూ తెలియజేస్తున్నాయి. పురస్కారం ఒక్కసారి వస్తుంది. ఆకలి, అనారోగ్యం, పిల్లల బాధ్యతలు ప్రతిరోజూ వస్తాయి. మిరాశి వ్యవస్థలో తక్కువైనా ఏటేటా ఆదాయం ఉండేది. నేటి వ్యవస్థలో ఎక్కువైనా అది ఒక్కసారితో ముగుస్తున్నది.

యూట్యూబు వచ్చిన తరువాత పల్లెపాటలు కోట్ల మందికి చేరుతున్నాయి. ప్రకటనల వలన వచ్చే ఆదాయం ఛానెల్ యజమాని ఖాతాకు చేరుతుంది. గాయకునికి పాడిన రోజున ఇచ్చే సొమ్ముతోనే ఒప్పందం ముగిస్తే, తరువాత వచ్చే ఆదాయంతో అతనికి సంబంధం ఉండదు. తన ఫోనుతో తానే పాటను చిత్రించి, తన పేరుతో ఛానెల్ నడుపుకొనే యువ గాయకులు మాత్రం ఈ మార్గంలో లాభపడుతున్నారు. నలభై ఏండ్ల క్రితం క్యాసెట్టు విషయంలో ఎదురైన ప్రశ్నే నేడు కొత్త రూపంలో ఎదురవుతున్నది.

చట్టం చెప్పేది

భారత కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత ఎవరో తెలియని సంప్రదాయ గేయానికి ఈ చట్టం క్రింద యజమాని ఉండడు. దానిని ఎవరైనా పాడవచ్చు. అయితే 1994లో జరిగిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. పాట ప్రాచీనమైనదైనా, దానిని పాడిన తీరు ఆ గాయకునిదే. అతని అనుమతి లేకుండా ప్రదర్శనను ముద్రించి అమ్మరాదు. ఈ హక్కు 50 సంవత్సరాలు ఉంటుంది. 2012 నాటి సవరణ, ప్రదర్శనను వాణిజ్యపరంగా ఉపయోగించినప్పుడు గాయకులకు రాయల్టీ పొందే హక్కు ఉన్నదని స్పష్టం చేసింది.

చట్టం ఉన్నంత మాత్రాన హక్కు చేతికి రాదు. కాగితంపై ఏమి రాసి ఉన్నదో చదువుకోగలగాలి, ముద్రణ జరిగిన తేదీ, పాట పేరు, పాడినవారి పేర్లు నమోదు కావాలి. కళాకారులు సంఘంగా ఏర్పడి లెక్క అడగగలగాలి. కార్టర్ కుటుంబానికి నమోదు వలన లాభం కలిగింది. వారు ఎవరి నుండి పాటలు సేకరించారో ఆ పల్లెవాసులకు నమోదు లేక నష్టం కలిగింది. బ్రిస్టల్‌లో నేర్వదగిన పాఠం పాలమూరుకు కూడా వర్తిస్తుంది.

ముగింపు

పల్లెపాటను పోషించిన చేతులు కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. పోషక కులం, రేడియో, ఉద్యమం, ప్రభుత్వం, క్యాసెట్టు, చలనచిత్రం, యూట్యూబు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ప్రతి మార్పులోనూ పాట వినేవారి సంఖ్య పెరిగింది. పాడేవానికి, వినేవానికి మధ్య దూరం కూడా పెరిగింది. పూర్వం కల్లం దగ్గర ఎదురుగా నిలిచిన రైతును త్యాగం అడిగిన గాయకుడు, నేడు తన పాట ఎక్కడ మోగుతున్నదో, ఎవరికి సొమ్ము చేరుతున్నదో తెలియని స్థితిలో ఉన్నాడు.

కిన్నెర వాయించే ఒక వృద్ధుడు మరణిస్తే ఆయనతో పాటు ఆయన గుండెలో ఉన్న గాథలు కూడా పోతాయి. కుమారుడు ఆ విద్యను నేర్చుకోవాలంటే దానితో బతకవచ్చుననే నమ్మకం అతనికి కలగాలి. బరాత్‌కు డప్పు బృందాన్ని పిలిపించడం, జాతరలో కథ చెప్పించుకోవడం, పాడినవారి పేరును పాటతో పాటు ప్రకటించడం, ఆదాయంలో వాటాను ముందుగానే కాగితంపై రాసుకోవడం – ఇవి చిన్న పనులే. అయినా ఆ నమ్మకాన్ని కలిగించేవి ఇటువంటి పనులే. విమానాశ్రయపు వెలుగులు కనిపించే దూరంలోనే ఉన్న పల్లెల్లో డప్పును మంటకు కాచి శ్రుతి చేసే చేతులు నేటికీ ఉన్నాయి. ఆ చేతులకు దక్కవలసినది జాలి కాదు, వారి శ్రమకు న్యాయంగా రావలసిన వాటా.